మూడో కప్పు దాకా నోటికి తాళం

ఊళ్లో వాళ్లు క్రిస్మస్ తారలు దించి అటకెక్కించాక మా మేడ మీది పిల్లకు క్రిస్మస్ వచ్చింది. వాళ్ల దేశంలో ఆ పండుగ జనవరి ఏడున అట.

"యేసు మీ దిక్కు జర ఆలస్యంగ వుట్టిండా బిడ్డా?" అని అడిగాను.

"లేదు బాపూ, మీరే తొందరపడ్డరు," అంది.

పేరు హిరుత్. చెరకు మీద చదువు కోసం ఇథియోపియా నుంచి రుద్రూర్ పరిశోధనా కేంద్రానికి వచ్చింది. మా మేడ గదిలో కిరాయికి దిగిన కొన్నాళ్లకే నా భార్య హన్మవ్వ ఆ పేరును హీరమ్మగా మార్చేసింది. తెలుగు కూడా హన్మవ్వ దగ్గరే నేర్చుకుంది కనుక, ఆ పిల్లకు ముందు తిట్లు వచ్చాయి, తర్వాత మిగతా భాష వచ్చింది.

పండుగ దగ్గర పడుతుండగా హీరమ్మ మా గుమ్మంలో కూర్చుని మొర పెట్టుకుంది.

"అవ్వా, మా అమ్మ ఫోన్ల ఒకటే అడుగుతది. ఇరుగుపొరుగోళ్లు వచ్చి నీ మూడో కప్పు తాగిండ్రా అని."

వాళ్ల దేశంలో కాఫీ అంటే మనలాగా గిలాస ఎత్తి గొంతులో పోసుకుని పోవడం కాదట. పచ్చి గింజలను వచ్చినవాళ్ల కళ్లముందే వేయించాలి, దంచాలి, మట్టి కూజాలో మరిగించాలి. అదే పొడి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి కాచి, మూడుసార్లు పోయాలి. మొదటిది రుచికి, రెండోది ముచ్చటకు, మూడోది దీవెనకు. మూడోది తాగకుండా చుట్టం లేచి వెళ్తే దీవెన సగంలో తెగినట్టే.

"ఇరుగుపొరుగు మూడోది తాగితేనే ఆ ఊరు నీది, అంటది అమ్మ. ఈడ ఎవ్వలు కూసోరు. చాయ్ తాగుతరు, ఉరుకుతరు."

మాట నిజమే. మా దిక్కు చాయ్ తాగాక కూడా కూర్చుంటే ఇంకోదానికి ఆశపడ్డాడంటారు. పైగా చెరకు నరికే రోజులు.

"నాకిడిసిపెట్టు బిడ్డా. నేను పిలుస్తే రాకుంటరా?" అన్నాను.

"నువ్వు పిలుస్తే వస్తరు. నువ్వు నోరు తెరుస్తే పోతరు," అంది హన్మవ్వ.

ఈ ఊరు నాకు చేసే అన్యాయం అదొక్కటే. చెరకు గడ ఎక్కి పోచంపాడ్ డ్యాం గేట్లు చూసొచ్చిన మనిషిని నేను. గేట్లు కనబడ్డ మాట వాస్తవం. నేను పైన ఉండగానే గడ ఇంకా పెరగడంతో దిగడానికి రెండు రోజులు పట్టింది. ఇంతవరకు చెబితే చాలు, జనం చెప్పులు వెతుక్కుంటారు.

పండుగ నాడు సాయంత్రం హీరమ్మ తెల్లబట్టలు కట్టుకుని మా వాకిట్లో పచ్చగడ్డి పరిచింది. అది వాళ్ల పద్ధతి. దొరికిందేమో పొలం గట్టు మీది గరిక. గరిక మీద పీట, పీట మీద చెవుల్లేని చిన్న చిన్న కప్పులు, పక్కన నిప్పుల మీద ఊదు, గంపలో మక్క పేలాలు.

గరిక, ఊదు, పేలాలు! ఇక చూడండి. అందరికంటే ముందు వచ్చినవాడు మా పక్కింటి చెరకు రైతు ఎర్రన్న. వాకిలి చూడగానే చెప్పులు విడిచాడు, గిర్రున ఇంటికి పోయి కొబ్బరికాయతో వచ్చాడు. అది చూసి తక్కినవాళ్లు కాళ్లు కడుక్కున్నారు. ఎదురింటి రుక్మాబాయి పసుపు కుంకుమ తెచ్చి కాఫీ కూజాకు బొట్టు పెట్టింది. హీరమ్మ వేయించిన గింజల పెనాన్ని పొగలు కక్కుతుండగా అందరి ముందూ తిప్పితే, ఆ పొగను రెండు చేతులతో కళ్లకద్దుకున్నారు.

వాళ్ల దేశంలోనూ పొగను అట్లాగే చేతులతో మొహం మీదికి తీసుకుంటారట. హీరమ్మ మొహం వెలిగిపోయింది.

"బాపూ, మనోళ్లకు అన్ని తెలుసు!"

మనోళ్లు దాన్ని హారతి అనుకున్నారని నాకు తెలుసు.

మొదటి కప్పు అందించబోతే ఎర్రన్న కుడి అరచేతిని గుంట చేసి చాచాడు. వెనక ఉన్నవాళ్లూ అట్లాగే చాచారు.

"అరే, తీర్థం గాదుర! చెయ్యి కాలుతది!" అని అరిచాను.

"నువ్వు చెప్పినంక నమ్ముడెట్ల అన్నా," అంటూ కప్పు అందుకుని అరచేతిలో ఒంపుకున్నాడు. "అబ్బబ్బబ్బ!" అని ఎగిరి, ఊది ఊది జుర్రుకుని, తడిచేతిని బోడిగుండుకు రాసుకున్నాడు. గుండు కొత్త బెల్లం రంగుకు తిరిగింది. మిగతావాళ్లూ తలా ఇంత పుచ్చుకున్నారు. తీర్థం అయ్యాక గుళ్లో ఎవరు కూర్చుంటారు? దండాలు పెట్టి లేచారు.

హీరమ్మ అప్పటికే కూజాలో రెండోసారి నీళ్లు పోస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, పోతున్నరు," అంది.

హన్మవ్వ వెళ్లి దర్వాజకు అడ్డంగా నిలబడింది.

"ఇది పూజ గాదు. హీరమ్మ దేశంల ఇంటికొచ్చినోళ్లకు చేసే మర్యాద. మూడోది తాగినంకనే లేవాలె. ఇప్పుడే పోతె పిల్ల మనసు ఇరుగుతది."

ఎర్రన్న గుండు గోక్కున్నాడు.

"కూసునుడుకేంది వదినె, కూసుంటం. గని మూడోది కాగేదాక సాయన్న ఊకుంటడా? మల్ల చెరకు గడ ఎక్కుతడు. ఆయన దిగేదాక మేముండలేం."

అందరూ పకపకా నవ్వారు. సాయన్నంటే నేనే.

"ఆయన నోరు మూసుకుంటె కూసుంటరా?" అంది హన్మవ్వ.

"కూసుంటం. ఒక్క మాట అన్నడా, లేస్తం."

హీరమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు పోచంపాడ్ గేట్లయినా మూసుకోవాల్సిందే. గుప్పెడు పేలాలు నోట్లో కుక్కుకుని గరికలో చతికిలబడ్డాను.

రెండో కప్పు ముచ్చటకని చెప్పాను కదా. ముచ్చట్లు చెప్పేవాడి నోరేమో పేలాలతో నిండి ఉంది. చివరికి రుక్మాబాయే ఉండబట్టలేక అడిగింది.

"గీ గింజలు మీకెట్ల దొరికినయి బిడ్డా?"

"మేకలు చూపినయి," అంది హీరమ్మ. "ఒకాయన మేకలు కాస్తుండె. అవి చెట్టుకున్న ఎర్రపండ్లు తిన్నయి. ఇగ నిద్ర వోలేదు. రాత్రంత ఎగిరినయి."

"ఎగిరినయా?"

"ముందటి కాళ్లు లేపి, మీ బతుకమ్మ లెక్క గుండ్రంగ తిరిగినయి!"

"సాయన్న ఇంట్ల కిరాయికుంటె గిట్లనే అయితది," అన్నాడు ఎర్రన్న. "పిల్లకు గాలి సోకింది."

మేకలు! నా దగ్గర బోధన్ సంతలో కొన్న మేకపోతు కథ ఉంది. చెరకాకు మేసి మేసి అది చక్కెర వేయనక్కర లేని పాలిచ్చింది. ఆ కథ కడుపులోంచి లేచి గొంతుదాకా వచ్చింది. పేలాలతో కలిపి మింగాను. హన్మవ్వ నా మోకాలు మీద చెయ్యి వేసి అదిమింది.

ఎర్రన్న ఊరుకుంటాడా? "అన్నా, నీ మేకలు ఎన్నడన్న ఎగిరినయా?" అన్నాడు, మొహంలో ఏ పాపం ఎరగనట్టు.

అందరూ నా వైపు తిరిగారు. పెదవులు వాటంతటవే కదలబోయాయి.

"చెప్పకు బాపూ!" అని హీరమ్మ కేక పెట్టింది.

తల అడ్డంగా ఊపాను. నా మేకలు ఎగరలేదని ఒప్పుకున్న ఆ క్షణం నాకెంత నామోషీనో మీకు చెప్పినా అర్థం కాదు.

మూడోది పలచగా, తేనె రంగులో దిగింది. ఎర్రన్న ఈసారి అరచేయి చాచలేదు. కప్పును రెండు చేతులతో పట్టుకుని, కూర్చున్నచోటే చివరి చుక్క దాకా తాగాడు. హీరమ్మ వాళ్ల భాషలో ఏదో అంది.

"ఏమన్నవ్ బిడ్డా?" అంది రుక్మాబాయి.

"మీ ఇల్లు సల్లగుండాలె, మీ పంట నిండాలె. మా అమ్మ గిట్లనే అంటది."

ఫోన్ తీసి వాళ్లమ్మకు ఖాళీ కప్పులు చూపించింది. ఒక్కొక్కటీ బోర్లించి మరీ చూపించింది. అటునుంచి ఆ తల్లి నాలుక ఆడిస్తూ "ఇలిలిలిలి" అని సంబరంగా కూత పెట్టింది. హన్మవ్వ బెదరకుండా ఇటునుంచి అట్లాగే పెట్టింది.

ఇక నన్నెవరు ఆపుతారు?

"బోధన్ సంతల మా బాపు ఒక మేకపోతును కొన్నడు..."

చెప్పులు వెతికే చప్పుడు మొదలైంది. ఎర్రన్న లేవబోయాడు. ఏమనుకున్నాడో, మళ్లీ కూలబడి కప్పు చాచాడు.

"హీరమ్మా, నాలుగోది ఉంటదా? ఈయన మాటలు ఉత్త నోటితోని ఇనుడు కష్టం."

"మా దేశంల లేదు కాకా," అంటూనే హీరమ్మ కూజాలో నీళ్లు పోసింది. "మన ఊళ్లె పెట్టుకుందాం."

అందరూ మళ్లీ గరికలో సర్దుకున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. మేకపోతు పాలిచ్చే చోటికి నేనింకా రానే లేదు.