ఉమ్ నిదాల్ నీళ్ళ వంతు

పెళ్ళయిన రెండో నెలలోనే ఫెబి, టైటస్ హనీమూన్‌కి వెళ్ళారు. కాకపోతే ఐర్లండ్‌లోని లూకన్ తెలుగు చర్చి వాళ్ళంతా ఒక బస్సు నిండా వెంట వచ్చారు! పవిత్ర స్థలాల యాత్ర అని చర్చి పెద్ద స్తెఫను అంకుల్ ప్రకటించగానే, "హనీమూనూ అయిపోతుంది, యాత్రా అయిపోతుంది" అని టైటస్ ఉత్సాహంగా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. మగవాళ్ళ గదులు వేరు, ఆడవాళ్ళ గదులు వేరు అని తెలిసింది బెత్లెహేములో దిగాకే. ఫెబి రాత్రంతా కృపావతి ఆంటీ గురక వినేది. టైటస్‌ని తెల్లారకముందే స్తెఫను అంకుల్ ప్రార్థనకి లేపేవాడు. అయినా ఫెబికి నవ్వే వచ్చేది. బస్సు వెనక సీట్లో ఎవరూ చూడకుండా చిటికెన వేళ్ళు ముడేసుకుని కూర్చోవడం కూడా ఎంత బాగుందో!

అలాంటిది, వాళ్ళకి ఒక పూట ఖాళీ దొరికింది.

"ఎక్కడికే పిల్లా, ఇంత పొద్దున్నే?" అంది కృపావతి ఆంటీ.

"బత్తీర్ అని పక్కనే కొండ మీద ఊరు ఆంటీ. నేవన్‌లో నాతో పనిచేసే నిదాల్ వాళ్ళమ్మగారు ఉంటారు. ఏవండీ, రండి, టాక్సీ వచ్చింది!"

టాక్సీ తలుపు పడిందో లేదో 'ఏవండీ' పోయి 'నువ్వు' వచ్చేసింది. "టైటస్, నువ్వు కిటికీ వైపు జరుగు. కాదు, నేను జరుగుతా."

నిదాల్ నేవన్‌లోని వృద్ధాశ్రమంలో కేరర్. ఫెబి అక్కడే నర్సు. అతని కాగితాలు ఇంకా తేలలేదు కాబట్టి ఐర్లండ్ దాటడానికి లేదు. టీ టైంలో ఫోన్ తీసి ఊరి ఫోటోలు చూపించేవాడు. ఫెబి వెళ్తోందని తెలిశాక ఒకే ఒక్క మాట అడిగాడు. "నాన్న పోయాక అమ్మ మా మడిని బీడు పెట్టింది. ఈసారి ఒక్కతే వంగనారు నాటుతోంది. ఇది కూడా పోతే ఇక సేద్యం మానేస్తానంటోంది. ఎలా ఉందో చూసి చెప్పు ఫెబి, చాలు."

టాక్సీ మలుపు తిరిగేసరికి ఫెబి కిటికీకి అతుక్కుపోయింది. కొండ కొండంతా మెట్లు మెట్లుగా పొలాలే! ప్రతి మెట్టుకీ సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడ. ఐర్లండ్ పల్లెల్లో పొలాల మధ్య చూసే గోడల్లాంటివే గానీ, ఇక్కడ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కింద లోయలో రైలు పట్టాలున్నాయి. రైలు వచ్చింది, ఈ ఊళ్ళో ఆగకుండానే పోయింది.

"ఏందే అట్ల నోరు తెరిచినవ్? ఈగలు పోతయ్," అన్నాడు టైటస్. అతను సికింద్రాబాద్‌లో పెరిగిన మనిషి. పొలం అంటే అతనికి రైలు కిటికీలోంచి కనిపించేదే.

ఉమ్ నిదాల్ వాకిట్లోనే ఎదురొచ్చింది. 'ఉమ్' అంటే అమ్మ, అక్కడ తల్లిని పెద్ద కొడుకు పేరుతోనే పిలుస్తారట. ఫెబిని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, టైటస్ భుజం తట్టి, నేరుగా మడి దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పుడే నాటిన వంగ మొక్కలు తలలు వాల్చి నిలబడ్డాయి. పైన ఊట దగ్గరి తొట్టిలోంచి రాతి కాలువలో నీళ్ళు గలగలా వస్తున్నాయి. టీ పెట్టుకొస్తానని సైగ చేసి ఆమె లోపలికి వెళ్ళింది.

ఫెబి చెప్పులు విడిచేసి కాలువలో కాళ్ళు పెట్టింది. అబ్బ, ఎంత చల్లన! అంతలో కాలువ గట్టున ఒకచోట రాయి తప్పుకుని, నీళ్ళు పక్కకి పోతుండటం చూసింది.

"అయ్యో, గండి పడింది!" అంటూ లేచింది. ఫెబిది దివిసీమ. కాలువ చివరి భూముల్లో పుట్టిన పిల్ల. గండి కనపడితే అది ఎవరి పొలమని అడగరు, ముందు పూడుస్తారు. రాయి దొర్లించి, మట్టి ముద్దలు తెచ్చి, మడమతో తొక్కి బిగించేసింది. "చూశావా? మా నాన్న నేర్పింది," అంది చేతులు దులుపుకుంటూ.

"మస్తుంది. నువ్వు ఇంజనీర్ కావాల్సింది," అన్నాడు టైటస్, ఫోటో తీస్తూ.

తర్వాత టీ వచ్చింది, వేడి రొట్టె వచ్చింది, ఆలివ్ నూనె, వాము వాసన వేసే జాతర్ పొడి వచ్చాయి. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ముగ్గురూ నవ్వుతూనే తిన్నారు. తిని మడి దగ్గరికి వెళ్ళేసరికి కాలువ ఎండిపోయి ఉంది. మడిలో మట్టి తెల్లగా, పొడిగా ఉంది. మొక్కలు ఇంకా వాలిపోయాయి. ఫెబి పూడ్చిన చోట ఉమ్ నిదాల్ కూర్చుని, ఆ మట్టిని అరచేత్తో తడిమింది.

ఫెబి నిదాల్‌కి వీడియో కాల్ చేసింది. నేవన్‌లో వాన పడుతోంది. నిదాల్ గొడుగు కింద బస్ స్టాప్‌లో ఉన్నాడు. తల్లి చెప్పింది విని కళ్ళు మూసుకున్నాడు.

"ఫెబి, అది గండి కాదు. అమ్మ తన మడికి తీసుకున్న దారి. మా ఊళ్ళో ఎనిమిది కుటుంబాలకి రోజుకొకరి వంతున నీళ్ళు. అందుకే మా వారానికి ఎనిమిది రోజులు. ఈ రోజు మా కుటుంబానిది, అందులో ఈ పూట అమ్మ వంతు. ఇప్పుడు అయిపోయింది, చిన్నాన్న వాళ్ళు పైనే తమ మడికి మళ్ళించుకున్నారు. మళ్ళీ వంతు వచ్చేదాకా ఈ మొక్కలు బతకవు."

"చిన్నాన్నగారిని నేను అడుగుతా! కాళ్ళు పట్టుకుంటా!"

"అడిగితే ఇస్తాడు. కానీ అమ్మ అడగనివ్వదు. ఒంటరిదానివి, నీకెందుకీ సేద్యం అని అందరూ ఇప్పటికే అంటున్నారు."

ఫెబి కళ్ళు తుడుచుకుని కిందికి తొంగి చూసింది. నీళ్ళు ఎక్కడికి పోయినట్టు? కాలువ వెంటే జారిపోయి, కింది మెట్టు మీద, ఎవరూ సాగు చేయని చోట, రాతి గుంట నిండా నిలిచి మెరుస్తున్నాయి! వానలకి ఆ గుంటకీ పై మడికీ మధ్య గోడ కూలి నడుమెత్తే మిగిలింది.

టైటస్ అప్పటికే బకెట్ పట్టుకుని దిగాడు. మొదటి బకెట్‌తో రాళ్ళెక్కుతూ జారి, నీళ్ళన్నీ ప్యాంటు మీద పోసుకున్నాడు.

"ఆగు ఆగు! బకెట్ కాదు, గూడ వేద్దాం!"

"గూడ అంటే?"

"చెప్తాగా! నిదాల్, మీ అమ్మగారిని పెద్ద నూనె డబ్బా, బట్టలారేసే తాడు అడుగు!"

డబ్బా పైమూత కోసి, మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, నాలుగు తాళ్ళు కట్టింది. గుంటకి అటొకరు, ఇటొకరు నిలబడి, చేతికొక తాడు పట్టుకుని, డబ్బాని ముంచి, ఊపి, పై మడిలోకి విసరాలి. మొదటిసారి టైటస్ ముందే లాగాడు, నీళ్ళు ఫెబి మొహాన పడ్డాయి. రెండోసారి ఫెబి తొందరపడింది.

"నా వైపు చూడు, డబ్బా వైపు కాదు," అంది ఫెబి.

"నీ వైపు చూస్తే తాడు మర్చిపోతున్న!"

ఫోన్‌లో నిదాల్ పగలబడి నవ్వాడు. ఉమ్ నిదాల్ కూడా కొంగులాంటి తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి ఇద్దరూ ఒకేసారి వంగారు, ఒకేసారి లేచారు. నీళ్ళు గాల్లో విల్లులా వంగి మడిలో పడ్డాయి! ముంచు, ఊపు, విసురు. ఇక తప్పలేదు. ఫెబికి అరుస్తూ పాడాలనిపించి, చిన్నప్పటి సండే స్కూలు పాట ఎత్తుకుంది. టైటస్ శ్రుతి లేకుండా అందుకున్నాడు. ఉమ్ నిదాల్ ఫోన్‌ని గోడకి ఆనించి, పార తీసుకుని, నీళ్ళని ఒక్కో సాలులోకి మళ్ళిస్తూ పోయింది. పై మెట్ల మీది జనం పనులాపి వచ్చి గోడల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఏదో అరిచాడు.

"ఏమంటున్నారు?" అంది ఫెబి రొప్పుతూ.

"మా చిన్నాన్న. ఈ జంటని తనకి కూలికి ఇస్తారా అని అమ్మని అడుగుతున్నాడు," అన్నాడు నిదాల్. "ఇవ్వనంటోంది. వచ్చే ఏడు కూడా తన మడికే కావాలట."

వచ్చే ఏడు! ఫెబి ఆ మాట విని తాడు వదిలేయబోయింది.

"చివరి సాలు," అన్నాడు నిదాల్. "గోడ పక్కది. అందిందా?"

ఉమ్ నిదాల్ పార ఆపి, ఫోన్ తీసి ఆ సాలులో తడిసిన మట్టికి దగ్గరగా పెట్టింది. నేల నీళ్ళు పీల్చుకుంటున్న చప్పుడు, చిన్న చిన్న బుడగలు. నేవన్ బస్ స్టాప్‌లో ఒక బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయిన చప్పుడు కూడా వినిపించింది. నిదాల్ ఎక్కలేదు.

"అంకుల్ నుంచి మూడు మిస్డ్ కాల్స్," అన్నాడు టైటస్. బెత్లెహేములో భోజనాలు మొదలై ఉంటాయి. అతని అరచేతులు తాడు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి. "ఫెబీ, పట్టుకో. గుంటల ఇంక నీళ్ళున్నయ్."