నాలుగో గుడ్డముక్క

మెకానిక్కు సంచి బోర్లించాడు. మూడే గుడ్డముక్కలు. మళ్ళీ దులిపాడు. మూడే.

పొద్దున బయల్దేరేటప్పుడు నాలుగున్నాయి. భార్య పాత చీర చింపి ఇచ్చిన ఎర్ర ముక్కలు. ఏసీ కాయిల్ మీద పంపుతో నీళ్ళు కొట్టేముందు, కింది ట్రేలో నీరు పోయే కన్నంలో ఒకటి కుక్కుతాడు, రాలిన మడ్డి పైపులోకి దిగకుండా. ట్రే తుడిచాక గుడ్డ లాగేసి, మగ్గెడు నీళ్ళు పోసి, అవి బయట పడుతున్నాయో లేదో చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ అలవాటు.

"ఏంటి బావా, మా అక్క లెక్క అడుగుతుందనా?" నిచ్చెన మడుస్తూ అన్నాడు బావమరిది. ఎప్పుడూ ఇద్దరూ కలిసే పనికెళ్తారు. ఇవాళ్టికిది ఏడో ఏసీ. భుజాలు చచ్చుబడిపోయాయి.

"ఒకటి తగ్గిందిరా."

"పోతే పోనీ. ఆవిడకి పాత చీరలకేం కరువు?"

"కన్నంలోనే ఉండిపోయిందేమో."

బావమరిది చేతులాగాయి. "మగ్గు నీళ్ళు పోయకుండా దిగావా? నువ్వా? రోజూ నా చెవులు తినేది నువ్వేగా!"

ఎక్కడ పోయలేదో మెకానిక్కుకు గుర్తొచ్చింది. ఇందాక, పక్కవీధిలో, మూడో అంతస్తు. ఆక్సిజన్ మిషను మీద ఉన్న పెద్దాయన గది. 'నాన్నకి ఇప్పుడే నిద్రపట్టింది, చప్పుడు చేయకండి' అంది ఆయన కూతురు. తనకేమో నడుం పట్టేసింది. మగ్గు కోసం మళ్ళీ బాత్రూముకు వెళ్ళే ఓపిక లేక, ఏసీ మూత బిగించి వచ్చేశాడు.

మిషను ప్లగ్గున్న కరెంటు బాక్సు మంచం పక్కన స్టూలు మీద ఉంది. సరిగ్గా ఏసీ కింద.

కూతురికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అంతే.

"సైలెంట్‌లో పెట్టుంటుంది. పద!"

ఇద్దరూ పక్కవీధికి పరుగెత్తి, మెట్లెక్కారు. రెండో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడ్డాడు. బావమరిది వీపు మీద చెయ్యేసి నెట్టాడు.

కూతురు తలుపు తీసి, పెదాల మీద వేలు పెట్టింది. "మెల్లగా! నాన్న పడుకున్నారు."

"జరగమ్మా!"

పెద్దాయన పడుకోలేదు. చెయ్యి మంచం దాటి చాపి, బాక్సు మీద అరచెయ్యి అడ్డుపెట్టాడు. ఏసీ అంచు నుంచి చుక్క తర్వాత చుక్క ఆ అరచేతిలో పడుతోంది. అక్కడి నుంచి మణికట్టు, మోచెయ్యి మీదుగా కారి దుప్పటంతా తడిసింది.

బావమరిది ఏసీ ఆపాడు. మెకానిక్కు ప్లగ్గు ఊడకుండా స్టూలు దూరం జరిపి, మూత విప్పి, ఎర్ర గుడ్డ లాగాడు. నీళ్ళు గుడగుడమంటూ పైపులోకి దిగాయి.

"నన్ను పిలవొచ్చుగా నాన్నా!" అంది కూతురు.

పెద్దాయన ముక్కు మీది మాస్కు కాస్త పైకెత్తాడు. "పిలిచా. ఈ మిషను మోతలో... నీకేం వినపడుతుంది?"

ఊపిరి తీసుకున్నాడు. మెకానిక్కు వైపు చూశాడు.

"ఇంక దించొచ్చా బాబూ?"

చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మెకానిక్కు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పక్క మీదికి దించాడు. "తప్పు నాదే, పెద్దాయనా" అన్నాడు.

బావమరిది బాత్రూములోకి వెళ్ళి, మగ్గు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.