లైటు లోపలి మసక

"పది నిమిషాల పనికి పది రోజులుగా సాకులు చెప్తున్నావు," అంది అత్తగారు.

"సాకు కాదత్తయ్యా. పాతది కదా, జిగురు వదలడానికి వేడి పెడితే అద్దం పగులుతుంది."

"రోజుకి నాలుగు విప్పుతావు. వాటికి రాని పగుళ్ళు దీనికే వస్తాయా?"

పెద్దకోడలు ఉల్లిపాయ తరుగుతోంది. అత్తగారి ఒళ్ళో హెడ్‌లైటు ఉంది. మూడు నెలల కిందట పోయిన చిన్నకొడుకు కారుకి మిగిలిన కుడివైపు లైటు. ఎడమది రోడ్డు పక్కన ఆగి ఉన్న రోలరుకి గుద్దుకుని పిండయిపోయింది. మిగిలిన దాన్ని ఆవిడ అలమరలో పెట్టుకుని, పొద్దున్నే పాత చీర ముక్కతో తుడుస్తుంది. పైన ఎంత తుడిచినా లోపలి మసక పోదు. అంచుల వెంట నీటిబొట్లు, మధ్యలో నోటితో ఊదినట్టు తెల్లటి పొర.

"చూస్తుంటే నాకు ఊపిరాడదు. విప్పి ఒక్కసారి తుడిచి ఇవ్వవే," అంది ఆవిడ, ఈసారి గొంతు తగ్గించి.

భోజనానికి పైకి వచ్చిన భర్త చేతులు కడుక్కుంటూ, "అమ్మ అంతగా అడుగుతోంది, విప్పేయరాదూ?" అన్నాడు.

ఇల్లు పైన, షాపు కింద. కంపెనీవి కాకుండా బయట తయారై వచ్చే హెడ్‌లైట్లు తెచ్చి కార్లకి బిగిస్తారు. వైర్ల పని అతనిది. అద్దం అంచున జిగురు వేసి అతికించడం పెద్దకోడలిది. వాన నీళ్ళు లోపలికి వస్తున్నాయని పోయినేడు జనం వరసగా తిరిగొచ్చారు. ఆ లైట్ల వెనక గోరంత రంధ్రాలు రెండుంటాయి. నీళ్ళకి దారి అదేనని ఆమె తీర్మానించుకుంది. అడగాలని కూడా తోచలేదు, అంత తేటగా కనిపించింది. కొత్తగా బిగించే ప్రతి లైటుకీ సిలికాన్‌తో వాటిని పూడ్చేసింది. నీళ్ళు కారడం ఆగిందని వచ్చినవాళ్ళు చెబితే మురిసిపోయింది కూడా.

మరిది కారుకైతే, ఇంట్లోవాడని, రెండు పూతలు వేసింది. పక్కనే నిలబడి చూస్తూ, "మా వదిన చేతిలో పడితే గాలి కూడా అర్జీ పెట్టుకుని లోపలికి రావాలి," అని నవ్వాడు. పోవడానికి రెండు రోజుల ముందు మళ్ళీ వచ్చాడు. "వదినా, లైట్లు మసకేస్తున్నాయి. దారి సరిగ్గా ఆనడం లేదు." ఎక్కడో సందు మిగిలిందనుకుని ఇంకో పూత వేసి పంపింది.

అతను పోయాక నెలకి కొత్త సరుకు వచ్చింది. పెట్టెలో ఓ కాగితం, దాని మీద బొమ్మలు. రంధ్రంలోంచి బాణం గుర్తు బయటికి వెళ్తోంది. పక్క బొమ్మలో మూసిన రంధ్రం మీద ఎర్రగా ఇంటూ గుర్తు. కింద నాలుగు ముక్కలు. బల్బు వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోవాలి, చల్లారితే తిరిగి రావాలి, తేమ పోయేది ఆ దారినే. మూసేస్తే అంచుల సందుల్లోంచి తడిని లాక్కుంటుంది, లాక్కున్నది ఇక వదలదు. నిలబడ్డచోటే మూడుసార్లు చదివింది. తర్వాత పైకి వచ్చి ఆ కాగితాన్ని స్టవ్ మీద కాల్చేసింది.

మరిది పోయిన సాయంత్రం జోరువాన. బండిని లాక్కొచ్చినవాడు చెప్పిన మాట ఇంట్లో అందరూ విన్నారు: "లైట్లు వెలుగుతూనే ఉన్నాయమ్మా. లోపల పాలు పోసినట్టుంది." అందరూ విన్నారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. స్పీడు అన్నారు, దూకుడన్నారు.

లోపలి గదిలో ఫోన్ మోగింది. తోడికోడలు గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. లేవలేదు. మూడు నెలలుగా ఫోన్ ముట్టుకోదు.

"ఇప్పుడు ఎత్తదు," అంది అత్తగారు. "ఆ రోజు మాత్రం త్వరగా రండి, త్వరగా రండి అని నాలుగుసార్లు చేసింది. చెయ్యకపోతే వాడు అలా పరుగెత్తుకొచ్చేవాడా?"

"ఐదుసార్లు, అత్తయ్యా," అంది తోడికోడలు తల ఎత్తకుండా.

పెద్దకోడలి చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ పిల్ల ఆ మాటని లెక్క సరిచేసినట్టు చెప్పింది. వాదించలేదు, ఏడవలేదు. ఇలాగే ఇంకో ముప్ఫై ఏళ్ళు సరిచేస్తూ కూర్చుంటుంది.

చేతులు తుడుచుకుని వచ్చి అత్తగారి ఒళ్ళోంచి లైటు తీసుకుంది. వెనక్కి తిప్పి, గట్టిపడిన సిలికాన్ ముద్ద మీద వేలు పెట్టింది.

"ఇది నేనే మూశాను. మూయకూడదట. మూస్తే లోపలి తడి బయటికి పోదు, లైటు మసకబారుతుంది. మసకేస్తోందని వాడు నాతో చెప్పాడు కూడా. నేను ఇంకో పూత వేశాను. వాడు స్పీడుగా వచ్చాడో లేదో నాకు తెలీదు. ముందున్నది మాత్రం కనపడలేదు. అది చెల్లి చేసిన ఫోన్ వల్ల కాదు."

అత్తగారు లైటు కోసం చెయ్యి చాపి, సగంలో వెనక్కి తీసుకుంది. భర్త పీట మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు.

"రెండు నెలలైంది."

తోడికోడలు మడతపెడుతున్న చొక్కాని కింద పెట్టింది. "రెండు నెలలు," అంది. "రోజూ నా ఎదురుగా కూర్చుని, తినవే, తినవే అని ఎలా పెట్టావక్కా అన్నం?"

ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళి, తలుపు వెయ్యకుండానే గోడవైపు తిరిగి పడుకుంది.

భర్త నెమ్మదిగా, "ఈ మాట ఈ నలుగురి మధ్యే ఉండనీ," అన్నాడు. "బయటికి పొక్కితే మన గడప ఇంకెవరూ తొక్కరు."

"తొక్కకపోతే పోనీండి," అంది ఆమె. తర్వాత లోపలి గదికి కూడా వినపడేలా, గొంతు మాత్రం పెంచకుండా చెప్పింది. "నేను మూసిన లైట్లతో ఇంకా ముప్ఫై ఎనిమిది బళ్ళు తిరుగుతున్నాయి. రేపు పొద్దున్నించి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలుస్తాను. అన్నీ తెరిచి ఇస్తాను. ఎందుకని అడిగితే, మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను."