డల్సీ పెరట్లో గురి

రీఫ్టన్ ఊళ్ళో ఇప్పుడు డెస్ గడప తొక్కని ఇల్లు ఒక్కటే, డల్సీ ఇల్లు. చిన్నప్పుడు సగం పెరిగింది ఆ ఇంట్లోనే. డల్సీ కొడుకు రోవన్, తనూ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు. ఆ రోవన్‌ని అడవిలో దుప్పి అనుకుని కాల్చి చంపింది డెస్సే. కోర్టు శిక్ష వేసింది. పోలీసులు తుపాకులు పట్టుకుపోయారు. ఊరు కొన్నాళ్ళు చెవులు కొరుక్కుని, ఇంకో కబురు దొరగ్గానే అటు మళ్ళింది. డల్సీ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని డెస్ ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆవిడ ఎదురొస్తే అతనే పక్క వీధిలోకి తిరిగిపోయేవాడు.

అలాంటిది శనివారం ఆవిడే ఫోన్ చేసింది.

“హేజెల్‌కి ఎయిర్ రైఫిల్ కొన్నాను. రేపు పొద్దున వచ్చి గురి సరిచేసి పెట్టు.”

“నేనా, పిన్నీ?”

“మరెవరు? నా మనవరాలు వచ్చే నెల మేనత్త కొడుకులతో దుప్పుల వేటకి పోతుందట. ఆపితే ఆగే రకం కాదు, అచ్చం తండ్రి. గురి పెట్టడం నేర్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కాల్చకుండా ఆగడం నేర్పేవాడు నాకు నువ్వొక్కడివే కనబడ్డావు.”

అంత మాట అన్నాక అతను వస్తానన్నాడు. ఆ పిల్ల అడవినుంచి క్షేమంగా తిరిగి రావాలి. ఆ పిల్ల చేతిలో ఇంకొకరు పోకూడదు. ఆ రెండూ ఇప్పుడు తన మెడకి చుట్టుకున్నాయి.

ఆదివారం డల్సీ పెరటి మెట్ల మీద టీ కప్పుతో కూర్చుంది. హేజెల్ కాగితం పళ్ళెం మీద గుండ్రంగా నల్లచుక్క పెట్టి కట్టెల దొంతికి గుచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. నవ్వితే రోవనే. డెస్ ఆ పిల్ల మొహం చూడకుండా తుపాకీ అందుకున్నాడు. గొట్టం మడిచి, సీసపు గుండు పెట్టి, మూసి, మోకాలి మీద కూర్చున్నాడు.

“నీ తుపాకీ కంటే నీ మోకాళ్ళే ఎక్కువ చప్పుడు చేస్తున్నాయిరా,” అంది డల్సీ.

మొదటి గుండు చుక్కకి కిందగా, ఎడమపక్కగా తగిలింది. గురి సరిచేసే మర తిప్పాడు. మళ్ళీ కాల్చాడు. కాసేపటికి గుండ్లన్నీ చుక్కలోనే పడసాగాయి. చేతులు ఏదీ మరిచిపోలేదు. అతనికి హాయిగా అనిపించింది. వెంటనే ఆ హాయికి సిగ్గుపడి తుపాకీ పిల్లకిచ్చేశాడు.

“ఎవరైనా పళ్ళెం దగ్గరికి వెళ్తుంటే గొట్టం మడిచి నేలమీద పెట్టెయ్. తెలిసిందా?”

“తెలిసింది బాబాయ్.”

హేజెల్‌కి చెయ్యి తొందరగానే కుదిరింది. “చూశావా, నీకన్నా నావే దగ్గరగా పడ్డాయి!”

“పళ్ళెం కదలదుగా,” అన్నాడు డెస్.

అప్పుడే కోళ్ళగూటి పక్కన పొదలో ఏదో కదిలింది. హేజెల్ గిరుక్కున తిరిగి అటు గురిపెట్టింది.

“స్టోట్! నానమ్మా, నీ కోళ్ళని తింటున్నది ఇదే!”

“వేలు తియ్,” అన్నాడు డెస్. గట్టిగా అనలేదు, కానీ పిల్ల వేలు తీసేసింది. “ఏం చూశావు?”

“స్టోట్‌ని. ముంగిసలా ఎర్రగా, పొడుగ్గా.”

“తల చూశావా?”

“తోక చూశాను.” మళ్ళీ పొదకేసి చూసింది. “అంటే, ఎర్రగా ఏదో.”

పొదలోంచి ఎర్రటి గోధుమరంగు వేకా పిట్ట తీరిగ్గా నడిచొచ్చింది. ఎగరడం చేతకాదు గానీ దొంగతనంలో దానికి సాటి లేదు. ముక్కున డల్సీ టీ చెంచా ఉంది. హేజెల్ పకపకా నవ్వింది. డెస్ నవ్వలేదు.

“నీ కన్ను చూసింది రంగొక్కటే. తోక నీ ఆశ గీసింది,” అన్నాడు.

హేజెల్ నవ్వు ఆగిపోయింది. “ఆ రోజు నువ్వేం చూశావు?”

దూరమెంత, వెలుతురెంత అని పోలీసులు అడిగారు. ఈ ఇంటివాళ్ళు ఎవరూ అడగలేదు. అతను డల్సీ వైపు చూశాడు.

“చెప్పు. నేనూ వింటాను,” అంది ఆవిడ.

“వాగుకి అటు మీ నాన్న, ఇటు నేను. దాటకూడదని మాట. అవి జతకట్టే రోజులు, మగ దుప్పులు రంకెలేస్తాయి. మనమూ అలాగే రంకె వేసి పిలుస్తాం. నేను వేశాను, అవతలనుంచి బదులొచ్చింది. వేసినకొద్దీ దగ్గరికొచ్చింది. అంత పొగరు రంకె నా జన్మలో వినలేదు. ఆకుల్లో గోధుమరంగు కదిలింది. నాకు చెవి కనబడింది, మెడ కనబడింది. కొమ్ములు కూడా కనబడ్డాయమ్మా. ఒట్టేసి చెప్పేవాణ్ణి. తీరా చూస్తే అక్కడ ఉన్నది మీ నాన్న స్వెటర్.”

“మరి రంకె?”

“మీ నాన్నే. నన్ను దుప్పి అనుకుని వాగు దాటి వచ్చాడు.”

హేజెల్ తుపాకీ గొట్టం మడిచి, జాగ్రత్తగా గడ్డి మీద పెట్టింది.

“అంత బాగా వేశాడా?” అంది డల్సీ.

“నిజం దుప్పికన్నా బాగా వేశాడు పిన్నీ.”

“స్నానాలగదిలో దూరి పొద్దస్తమానం అదే అరుపు. చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టేదాన్ని.” ఆవిడ కప్పు కింద పెట్టింది. “ఎలా వేశాడో ఒకసారి వేసి వినిపించు.”

“పిన్నీ, నా వల్ల కాదు.”

“వాడి గొంతు ఆఖరున విన్నవాడివి నువ్వేరా. నాకు వినాలని ఉండదా?”

డెస్ లేచి నిలబడ్డాడు. దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి పీల్చి రంకె వేశాడు. కోళ్ళు బెదిరి గూట్లోకి పరిగెత్తాయి. చివర్లో రంకె తెగిపోయింది.

డల్సీ కళ్ళు మూసుకునే ఉంది. చెంపలు తడిశాయి.

“అలా తెగ్గొట్టేవాడు కాదురా. చివర్లో పైకి లాగేవాడు.”

“అవును పిన్నీ. ఆ రోజూ లాగాడు.”

“అయితే లాగు. మళ్ళీ వెయ్.”