మెత్తగా దిగిన రోజు

నేను ఒక విమానం టైరును. జెట్ విమానం పొట్ట కింద, ఎడమవైపు బయటి చక్రం నాది. పుట్టినప్పుడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఏమంటే ఒళ్ళంతా మందపాటి రబ్బరు, దాని మీద నీళ్ళు పక్కకు పోవడానికి తీసిన లోతైన చాళ్ళు. అంతే. మీ కారు టైర్లు షికారుకు తిరుగుతాయి, నాది వ్యాపారం. నేల తగిలిన ప్రతిసారీ కొంత రబ్బరు ఇచ్చుకుంటాను, బదులుగా ఆగడం పుచ్చుకుంటాను. పొగ లేచిందంటే బేరం కుదిరినట్టు. బాగా అరిగాక ఊడదీసి, కొత్త పొర తొడిగి, మళ్ళీ దుకాణం తెరిపిస్తారు.

ఈ బేరానికి షరతు ఒకటుంది. నాకూ నేలకూ మధ్య దళారి ఉండకూడదు. వానాకాలంలో నీళ్ళే ఆ దళారి. విమానాన్ని గట్టిగా దించితే బరువుకు తాళలేక నీళ్ళు చాళ్ళలోంచి పక్కకు తప్పుకుంటాయి. సుతారంగా దించితే మాత్రం నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగిస్తాయి.

సుతారానికి పెట్టింది పేరు మా కెప్టెన్ జోగారావు. సిబ్బంది ఆయన్ను చాటుగా వెన్నపూస అనేవారు. దించాక కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి, "ఏం దించారండీ, తెలియనే లేదు!" అన్న మాట ప్రయాణికుల నోట పలికితే తప్ప ఆయన టోపీ తీసేవాడు కాదు. ఎండ రోజుల్లో నాకూ నష్టం లేదు, రబ్బరు మిగిలేది.

ఆ రోజు విమానంలో ఆయన కొత్త వియ్యంకుడు సన్యాసినాయుడు ఎక్కాడు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. పెళ్ళి పందిట్లోనే నలుగురి ముందూ అన్నాడట: "ఇమానం నడపడం గొప్పేటండి బావగారూ? ఆకాశంలో గోతులుంటాయా? నా బస్సులో గ్లాసు నిండా టీ ఎట్టినా తొణికేది కాదు!" పందిరంతా నవ్వింది. జోగారావు కూడా నవ్వాడు గాని, ఆ మాట మాత్రం ఆయనకు అరగలేదు.

దిగే ఊళ్ళో కుండపోత. వెనక నుంచి గాలి తోస్తోంది. రన్‌వే చెరువులా మెరుస్తోంది. దాని చివర కాస్త బురదనేల, ఆ పైన గోడ, గోడ అవతల నిండుగా పారుతున్న ఏరు. కాక్‌పిట్‌లోని మాటలు నేనప్పుడు వినలేదు. తర్వాత విచారణకు వచ్చినవాళ్ళు నా పక్కనే కూర్చుని రికార్డు వేసుకుని విన్నారు.

కో-పైలట్ నస్రీన్ గొంతు: "సార్, ఇంకా తేలుతూనే ఉన్నాం. రన్‌వే తినేస్తున్నాం."

"ఉండమ్మా, నెమ్మదిగా కూర్చుంటుంది."

"వద్దు సార్, పైకి లేపేద్దాం. ఇంకోసారి వద్దాం."

"లేపితే ఇంకేమన్నా ఉందా? స్టాపు దాటేశాడని మా బావగారు జిల్లా అంతా చాటేస్తాడు!"

కూర్చుంది. పువ్వు రాలినట్టు కూర్చుంది. అప్పటికే రన్‌వే చాలా భాగం వెనకబడిపోయింది. నేను రబ్బరు చాచాను, పుచ్చుకోవడానికి నేలే లేదు. ఎక్కడ చూసినా నీళ్ళే. బ్రేకు పట్టింది, జారింది, మళ్ళీ పట్టింది. వేగం తగ్గించడానికి ఇంజన్లు గాలిని ముందుకు ఊది గోల పెట్టాయి. రికార్డులో ఇక్కడ నస్రీన్ అరుపు వినిపించింది. రన్‌వే చివరి ఎర్రదీపాలు నా కింద పటపటా పగిలాయి. ఆ తర్వాత బురద. నా చాళ్ళు నిండిపోయాయి, పక్కన ఒళ్ళు చీలింది, గాలి మొత్తం పోయింది. ఇరుసు దాకా కూరుకుపోయాను. గోడ ముందు, ముక్కు దాన్ని ముద్దాడేంత దగ్గరలో, విమానం ఆగింది.

రబ్బరు మొత్తం నాది, ఆపిన పేరు బురదది. వ్యాపారంలో ఇలాంటివి మామూలే.

తలుపుల దగ్గర విచ్చుకున్న జారుడు బల్లల మీంచి జనం దిగారు. అందరికంటే చివర జోగారావు దిగాడు, వానకు తడిసి, ముఖం పాలిపోయి. మోకాలి లోతు బురదలో సన్యాసినాయుడు ఆయన కోసం ఎదురుచూస్తున్నాడు. చేయి పట్టుకుని లాగాడు.

"బావగారూ, ఒట్టు. దిగినట్టు తెలీనే లేదండి. ఆగినట్టే తెలిసింది."

జోగారావు వియ్యంకుడి భుజం మీద తల వాల్చి ఏడ్చేశాడు. "ఊరుకోండి, ఊరుకోండి, పిల్లలు చూస్తన్నారు," అంటూ బస్సు డ్రైవరు ఆయన వీపు నిమిరాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల గుట్టలో ఉన్నాను. విచారణవాళ్ళు నన్ను కోసి చూశారు కాబట్టి ఇంకో పొర తొడిగే ఆశ లేదు. అందుకే దుకాణం మూసి ఆఖరి లెక్క చూసుకుంటున్నాను. రబ్బరు పోయింది, చాళ్ళు పోయాయి, గాలి పోయింది. నన్ను బురదలోంచి పెకలించేటప్పుడు నా చుట్టూ చెప్పులు తేలాయి. ఎత్తుమడమల చెప్పులు, పిల్లల బూట్లు, ఎవరిదో పెళ్ళికి కొన్న జరీ జోడు. అన్నీ జతలు తప్పినవే. వాటిలోని కాళ్ళు మాత్రం ఒక్కటీ మిగలకుండా నడిచి ఇళ్ళకు వెళ్ళిపోయాయి.

నా లెక్కలో అది లాభం.