హిల్లా కుట్టు విప్పిన నీలం గౌను

జూన్ నెల వచ్చిందంటే కివిలహ్తి ఊరి ఆడవాళ్ళు బంగాళదుంప మళ్ళలో కలుపు తీయడం ముగించి, దోమల్ని తోలుకుంటూ పడవల కొట్టం అటక ఎక్కుతారు. రాణుల గౌన్లు దించి ఎండకి ఆరేస్తారు. నడివేసవి పండగకి రేవు పక్కన ఊరంతా కలిసి ఆడే నాటకం కోసం. ఫిన్లాండుని ఏలిన రాజుల భార్యల కథ అది. ఏలినవాళ్ళంతా సముద్రం అవతలివాళ్ళే, ముందు స్టాక్‌హోమ్ నుంచి, తర్వాత పీటర్స్‌బర్గ్ నుంచి. వాళ్ళ పెళ్ళాల్లో చాలామంది ఈ నేల మొహం కూడా చూసి ఎరగరు. అయినా ఇక్కడి ఆడవాళ్ళకి వాళ్ళ వేషమంటే పిచ్చి మోజు.

వేషాలు పంచే పని నాటకం నడిపే టీచరమ్మ తైమీది కాదు, గౌన్లది. నచ్చిన మనిషి దొరికితే వాటంతటవే హుక్కులు పెట్టుకునేవి, నచ్చకపోతే ఊపిరాడకుండా బిగిసేవి. ఎవరికేది దక్కిందో చూసుకుని, కాఫీ తాగి, అందరూ ఇళ్ళకి పోయేవారు.

హిల్లాకి ఏటా దక్కేది బూడిదరంగు గౌను. ఆఖరి రాణిది. స్వతంత్రం వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళు ఓ జర్మన్ దొరని రాజుగా ఎన్నుకుంటే, ఆయన పడవెక్కకుండానే వద్దని కబురు పంపాడు. ఆ రాజుగారి రాణి రేవు చివర నిలబడి నీళ్ళ వంక చూస్తూ ఉండాలి. మాట లేదు, పాట లేదు. అప్పటికే జనం కాఫీ కోసం లేచిపోతుంటారు.

అదైనా భరించేదే. కానీ ఊళ్ళో వేషం కట్టడానికి ఒప్పుకునే మగవాడు ఒక్కడే, హిల్లా మొగుడు అర్వో. గడ్డాలు మార్చుకుంటూ రాజులందరూ అతనే అవుతాడు. ఊళ్ళో ప్రతి ఆడదాని పక్కనా రాజుగా నిలబడతాడు, కట్టుకున్నదాని పక్కన తప్ప.

అందులోనూ ఆ నీలం గౌను! ఓ రాజు ప్రేమించి పెళ్ళాడిన సిపాయి కూతురిది. రాజు గద్దె పోయాక ఆమె ఈ నేల మీదే బతికి, ఇక్కడి మట్టిలోనే కలిసింది కనక, ఆమె కనబడితే జనం కళ్ళు తుడుచుకుంటారు. ఆ గౌను ఏటా పోస్టాఫీసులో పనిచేసే సిర్కాకే పట్టేది. సిర్కా భర్త పోయిన మనిషి. అర్వో మోకాలి మీద వంగి ఆమె చేతిని ముద్దు పెట్టుకునేవాడు. ఆ ముద్దు ఏటేటా పొడుగవుతోందని హిల్లా అనుమానం.

"ఇంట్లో చేపల చారు బాగుందని ఒక్క మాట అనడానికి నోరు పెగలదు. అక్కడ మాత్రం 'నా ప్రాణమా' అంటావు!" అంది ఓ సాయంత్రం, గిన్నె బల్ల మీద ఠప్పున పెట్టి.

"అది టీచరమ్మ రాసిన మాట. నాదేముంది?" అన్నాడు అర్వో, రొట్టె చారులో ముంచుకుంటూ.

"మాట ఆవిడదే. ఆ కళ్ళ నీళ్ళెవరివి?"

"దోమ పడింది."

"ఏటా అదే చోట పడుతుందా ఆ దోమ?"

అర్వో రొట్టె నమలడంలో పడిపోయాడు. ఎదురు తిరిగి అరిచినా బాగుండేది. హిల్లా లోపల్లోపల కుతకుతలాడిపోయింది.

మర్నాడు అందరూ చేపలకి పొగబెట్టే చోట ఉండగా చూసి ఆమె అటకెక్కింది. నీలం గౌను పక్క కుట్లు రెండూ విప్పి, తన వంటింటి కర్టెన్లోంచి కత్తిరించిన నీలం గుడ్డ అతికి వెడల్పు చేసింది. గౌను వణికింది.

"నోర్ముయ్," అంది హిల్లా, దారం పంటితో కొరుకుతూ.

వేషాలు పంచే రోజు నీలం గౌను హుక్కులు హిల్లా ఒంటి మీద కిక్కురుమనకుండా పడ్డాయి. తైమీ కళ్ళజోడు సర్దుకుని ఆ కర్టెన్ పువ్వుల్ని చాలాసేపు చూసింది.

"గౌను ఒప్పుకుంటే నేనెవర్ని కాదనడానికి? సిర్కా, నీకిక మిగిలింది బూడిదరంగే."

"దానికేం, కాళ్ళు లాగేదాకా నిలబడితే సరి," అంటూ నవ్వేసింది సిర్కా. హిల్లాకి ఆ నవ్వు చూసినా ఒళ్ళు మండింది. బూడిదరంగు గౌను సిర్కా ఒంటి మీద చకచకా హుక్కులు పెట్టేసుకుంది.

పండగనాడు నాటకంలో అర్వో మోకాలి మీద వంగాడు. హిల్లా చెయ్యి అందుకున్నాడు. "నా ప్రాణమా," అన్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఏడ్చి సాధించుకున్నది ఇదా అనిపించింది హిల్లాకి. తల తిప్పి సిర్కాని చూసింది, గొంతు పిసికేద్దామన్నంత కోపంతో.

ఆఖరి రంగంలో సిర్కా రేవు చివర నిలబడింది. జనం కాఫీకి లేస్తున్నారు. అప్పుడే దీవుల మధ్య నుంచి పాతకాలపు ఆవిరి పడవ ఒకటి వచ్చి రేవుకి ఆనుకుంది. నెరిసిన మీసాల మనిషి పెట్టె పట్టుకుని దిగి, టోపీ తీశాడు.

"చాలా ఆలస్యమైపోయింది, క్షమించాలి. నా రాణి ఇక్కడ ఎదురుచూస్తుంటుందన్నారు. బూడిదరంగు గౌనులో," అన్నాడు.

సిర్కా తన గౌను వంక చూసుకుంది. "అయితే నేనే కాబోలు. కాఫీ తాగి బయల్దేరదామా?"

ఆయన కాఫీ తాగాడు, యాలకుల బన్ను మెచ్చుకుని ఇంకోటి తీసుకున్నాడు. సిర్కా పిల్లిని చూసుకుంటామని పొరుగువాళ్ళు ముందుకొచ్చారు. పోస్టాఫీసు తాళాలు ఆమె తైమీ చేతిలో పెట్టింది. పడవ వెళ్ళిపోయింది.

అది దీవుల చాటుకి పోయేదాకా హిల్లా చూస్తూ నిలబడింది. ఏళ్ళ తరబడి ఆ చెక్కల మీద పడిగాపులు పడింది తను. పక్కకి తప్పుకున్నది ఈ ఒక్క ఏడాదే. సిర్కా మీద కుళ్ళు తగ్గలేదు సరికదా, రెట్టింపయింది.

ఇంటికి నడుస్తూ అర్వో రెండుసార్లు వెనక్కి తిరిగి రేవు వంక చూశాడు. గేటు దగ్గరకొచ్చాక ఆగిపోయాడు.

"హిల్లా, ఎప్పట్లా ఆ గౌను నీ ఒంటి మీదే ఉండుంటే..." గేటు కొయ్య పట్టుకున్నాడు. "నువ్వు వెళ్ళిపోయేదానివా?"

హిల్లా అతని మొహంలోకి చూసింది. దవడ బిగుసుకుంది, చెవులు ఎర్రబడ్డాయి. అది అసూయ అని పోల్చుకోవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. రోజూ అద్దంలో చూసుకునే మొహమే.

"ఆయన మీసాలు బాగున్నాయి," అంది, గేటు తోసుకుని లోపలికి నడుస్తూ.

"బాగుంటే? వెళ్ళేదానివా? ఏదో ఒకటి చెప్పవే!" అంటూ వెంటపడ్డాడు అర్వో.

"ఆలోచించుకోనీ," అంది హిల్లా.

ఆ వేసవంతా ఆమె పీలికల తివాచీలు ఉతకడానికి రేవుకి వెళితే చాలు, వలలు బాగుచేసుకునే నెపంతో అర్వో వచ్చి పక్కన కూర్చునేవాడు. ఎక్కడ పడవ కూత వినబడినా వల వదిలేసి, సబ్బు నురగతో ఉన్న ఆమె చెయ్యి పట్టుకునేవాడు. హిల్లా విడిపించుకునేది కాదు. జవాబు మాత్రం ఇంకా చెప్పలేదు.