లొట్టపీసు మేత

నా భార్య వహీబాను పొరుగింటి అబూ దైఫ్ మేకల కోసం చంపాడు. ఇందులో తేలాల్సింది ఏమీ లేదు.

అతని మేకలకు కడుపు నిలవడం లేదు. పిల్లలు నెలలు నిండకుండానే చచ్చి పడేవి. పెద్దవాటి తలలు వణికేవి. మాకు సంతానం లేదు. ఒకనాడు వహీబా అతని మేకపిల్లను చూసి "ఎంత నిగనిగలాడుతోందో" అంది, దిష్టి తగలకుండా అనాల్సిన మాషా అల్లా అనడం మరిచింది. మా ఖెనా పల్లెల్లో గొడ్రాలిని అనుమానించడానికి అంత చాలు.

అబూ దైఫ్ కాలువగట్టు మీద ఆమెకు అడ్డం నిలిచాడు.

"గొడ్డు ముండా, నా మందకు దిష్టి పెట్టావు. తియ్యి."

"నీ పోతు పనికిరాకపోతే నా కళ్ళేం చేస్తాయిరా? పోయి దాన్నడుగు."

బిందెలు తోముతున్న ఆడవాళ్ళు నవ్వారు. అతను దుడ్డుకర్ర ఎత్తాడు. నేను చెరకు తోటలోంచి పరుగెత్తి వచ్చేసరికి ఆమె ముఖం ఆనవాలు పట్టలేనట్టు చితికిపోయింది. కొడవలితో అతని ముంజేతిని ఎముక దాకా నరికాను. జనం లాగేశారు. పగలు మాలో మేమే తేల్చుకుంటాం కనుక పోలీసులకు మాత్రం ఆమె జారి పడిందని ఊరంతా సాక్ష్యం చెప్పింది.

ఇక నా పగ నుంచి అతను బతకాలంటే దారి ఒకటే. తన శవానికి చుట్టాల్సిన కఫన్ గుడ్డను చేతుల మీద మోస్తూ, చెప్పులు లేకుండా నా ముందుకు రావాలి. నేను అతని బదులు గొర్రెను కోస్తే పగ తీరినట్టు. పెద్దలు నన్ను ఒప్పించారు. నేను ఒక్క షరతు పెట్టాను. వహీబా దిష్టి పెట్టలేదని అందరి ముందూ అతని నోటితోనే చెప్పాలి.

ఆ రోజుకు పశువైద్యురాలు మెర్వత్‌ను కూడా పిలిపించాను. చచ్చిన మేకను కోసి చూసింది ఆమే.

"కాలువగట్టు లొట్టపీసు మేపారు హాజీ," అంది ఊరి పెద్దతో. "కడుపు నిలవాలంటే ఒంట్లో హార్మోన్లు కబురు మోసుకొస్తాయి. ఆ కబురు అందుకునే కొక్కేలు కణం లోపల తయారై పైకి రావాలి. కణం వాటికి చక్కెర గొలుసులు తగిలించి, కత్తిరించి, అప్పుడు పంపుతుంది. ఈ ఆకు విషం ఆ కత్తిరింపును చెడగొడుతుంది. సగం పనైన కొక్కేలు లోపలే చిక్కుకుంటాయని మా అనుమానం. కబురు గుమ్మం దాకా వచ్చినా అందుకునేదెవరు?"

"ఎవరు మేపారు?" అన్నాను.

"మేత దొరక్క నేనే కోసి వేశాను చిన్నాయనా," అన్నాడు అబూ దైఫ్.

"చూశావా ఖలఫ్? అంతా ఆ చెట్టు చేసింది," అన్నాడు హాజీ.

"కర్ర పట్టింది చెట్టేనా?"

అబూ దైఫ్ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ చాచాడు. గొర్రె కోసం ఇచ్చిన కత్తిని అతని గొంతు మీద పెట్టాను.

"చెప్పు."

"చెట్టే చిన్నాయనా. కానీ ఆమె కూడా ఆ రోజు మాషా అల్లా అని ఉంటే..."

పిడితో నోటి మీద కొట్టాను. పళ్ళు గుడ్డ మీద రాలాయి. మళ్ళీ కొట్టాను. కఫన్ మోసుకొచ్చినవాడి తరఫున ఎవరూ చెయ్యెత్తకూడదు. అతని తమ్ముళ్ళు నేల చూస్తూ నిలబడ్డారు. మళ్ళీ చెయ్యెత్తగానే అతను నెత్తురు ఉమ్మి, "ఆమె దిష్టి పెట్టలేదు. ఊరికే చంపాను," అని అందరికీ వినపడేలా అరిచాడు.

హాజీ గొర్రెను ముందుకు లాగాడు. నేను కత్తి కింద పడేసి లేచాను.

"పగ తీరినట్టా, తీరనట్టా? ఏదో ఒకటి చెప్పి చావు!" అని అరిచాడు హాజీ.

చెప్పలేదు. ఇప్పటికీ వచ్చి అడుగుతున్నారు. ఆమె పేరు కడిగాను, అది చాలు. ఇక ఈ సంగతి నేను ఎవరితోనూ, ఎన్నడూ మాట్లాడను.